మాంగోల్డ్ అనే రెండో పేరు

1935లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి జర్మన్ జంతుశాస్త్రవేత్త హాన్స్ స్పీమన్ ఒక్కడికే వచ్చింది. పిండం ఎదుగుదలలో 'ఆర్గనైజర్' ప్రభావాన్ని కనిపెట్టినందుకు ఇస్తున్నామన్నారు. కనిపెట్టిన సంగతి ఎక్కడ అచ్చయిందా అని వెతుక్కుంటూ వెళ్తే 1924లో ఒక జర్మన్ పత్రికలో వచ్చిన వ్యాసం దగ్గర ఆగుతాం. దానిమీద రెండు పేర్లున్నాయి. మొదటిది స్పీమన్. రెండోది హిల్డే మాంగోల్డ్. ఆ వ్యాసం నిజానికి ఆ రెండో మనిషి డాక్టరేట్ థీసిస్. బహుమతి వచ్చేనాటికి ఆమె చనిపోయి పదకొండేళ్లయింది.

జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదివిన వాళ్లందరికీ ఈ ప్రయోగం కంఠోపాఠమే. ఆర్గనైజర్ మీద వ్యాసం రాయమనే ప్రశ్న రాని సంవత్సరం ఉండేది కాదు. జవాబులో 'స్పీమన్ అండ్ మాంగోల్డ్, 1924' అని రాసేవాళ్లం. ఏదో లాయర్ల కంపెనీ పేరులా ఉండేది. ఆ మాంగోల్డ్ ఒక ఆడపిల్ల అని గాని, ప్రయోగం మొదలుపెట్టేనాటికి మా క్లాసులో కూర్చున్న మా వయసేనని గాని మాకు ఎవరూ చెప్పలేదు. పాఠ్యపుస్తకంలో బొమ్మ ఉంది, బాణం గుర్తులున్నాయి. కత్తిరించిన చెయ్యి ఎవరిదో లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ రెండో పేరైనా ఆమెది కాదు. హిల్డే పుట్టింది 1898 అక్టోబరు 20న, తురింగియాలోని గోథా ఊళ్లో. ఇంటిపేరు ప్రోషోల్ట్. 1921 వసంతంలో ఈ ప్రయోగాలు మొదలుపెట్టింది ఆ పేరుతోనే. అదే ఏడాది స్పీమన్ దగ్గర ముఖ్య సహాయకుడిగా ఉన్న ఓటో మాంగోల్డ్‌ని పెళ్లి చేసుకుంది. ఓటో కూడా పిండశాస్త్రవేత్తే, న్యూట్ల మీదే పనిచేసేవాడు, చాలా వ్యాసాలు రాశాడు. కాబట్టి ఎక్కడైనా 'మాంగోల్డ్' అని ఒంటరిగా కనిపిస్తే తెలిసినవాళ్లకి ముందు గుర్తుకొచ్చేది భర్తే. అలా ఉన్న ఆ రెండో స్థానంలో కూడా ఆమె సగమే కనిపిస్తుంది.

హిల్డే యూనివర్సిటీలో అడుగుపెట్టింది 1918లో. ఆ ఏడాదే జర్మనీలో ఆడవాళ్లకి ఓటు హక్కొచ్చింది. ఫ్రైబుర్గ్, హైడెల్‌బెర్గ్ ఉన్న బాడెన్ రాష్ట్రం 1900లోనే ఆడవాళ్లని యూనివర్సిటీల్లో పూర్తిస్థాయి విద్యార్థులుగా చేర్చుకుంది. ప్రష్యా 1908 దాకా తలుపు తీయలేదు. తలుపు తీశారు సరే, లోపల కుర్చీ మాట? ఫ్రైబుర్గ్‌లోనే తత్వవేత్త హుస్సెర్ల్‌కి 1916 నుంచి 1918 వరకు సహాయకురాలిగా ఉన్న ఎడిత్ స్టైన్, యూనివర్సిటీలో పాఠం చెప్పే అర్హత కోసం గొట్టింగెన్‌లో దరఖాస్తు పెడితే ఆడమనిషివని తిప్పి పంపారు. ఆమె ఊరుకోలేదు, ప్రభుత్వానికి మొర పెట్టుకుంది. ఆ అర్హతకి ఆడమగ తేడా అడ్డు కాకూడదని ప్రష్యా మంత్రిత్వశాఖ 1920లో ఉత్తర్వు ఇచ్చింది. అంటే హిల్డే కంటే ముందు తరంలో వెళ్లిన ఆడవాళ్లు ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

జేనాలో కొంతకాలం చదివి, ఫ్రాంక్‌ఫర్ట్‌కి మారి, అక్కడ స్పీమన్ ఉపన్యాసం విని, 1920లో హిల్డే ఫ్రైబుర్గ్‌కి వచ్చేసింది. స్పీమన్ ఆమెకి మొదట ఇచ్చిన పని వేరు. హైడ్రా అనే చిన్న నీటిజీవిని మేజోడులా లోపలిది బయటికి తిరగేయాలి. పద్దెనిమిదో శతాబ్దంలో ట్రెంబ్లే అనే ఆయన చేసినట్టు చెప్పిన ప్రయోగం అది. ఎంత ప్రయత్నించినా ఆమెకి కుదరలేదు. అప్పుడు వేరే సమస్య ఇచ్చాడు.

ఆ సమస్య ఏమిటో కాస్త నిదానంగా చెప్పాలి. న్యూట్ బల్లిలా ఉండి నీళ్లలో గుడ్లు పెట్టే జీవి. గుడ్డు ఫలదీకరణ అయ్యాక ఒక కణం రెండై, రెండు నాలుగై, చివరికి ఆవగింజంత బంతి అవుతుంది. ఆ బంతి మీద ఒకచోట చిన్న నొక్కు పడుతుంది. దాన్ని బ్లాస్టోపోర్ అంటారు. దాని పై పెదవి దగ్గర కణాలు ఒక్కొక్కటే లోపలికి జారిపోతాయి. పిండానికి వీపు ఎటు, పొట్ట ఎటు అనేది తేలేది అక్కడే. ఆ పై పెదవి ముక్కని ఒక పిండం నుంచి తీసి మరో పిండం పొట్టవైపు అంటుకడితే ఏమవుతుంది? అక్కడ రెండో వెన్ను మొదలవుతుందని స్పీమన్‌కి ముందే తెలుసు. అయితే ఆ రెండో వెన్ను కొత్తగా పెట్టిన ముక్కలోంచి వచ్చిందా, లేక చోటిచ్చిన పిండమే దాన్ని తయారుచేసిందా? ఒకే జాతి న్యూట్లు వాడితే ఆ సంగతి తేలదు, అన్ని కణాలూ ఒకేలా ఉంటాయి కదా. అందుకని రెండు జాతులు తీసుకున్నారు. ఒకదాని పిండం పాలిపోయినట్టు తెల్లగా ఉంటుంది. రెండోదాని పిండంలో నల్లటి రంగు ఉంటుంది. తెల్లదాని ముక్క నల్లదానిలో పెడితే, ఏ కణం ఎవరిదో తర్వాత మైక్రోస్కోప్ కింద చదువుకోవచ్చు.

రెండు రంగుల ఆలోచన స్పీమన్‌ది. దాన్ని కాదనను.

ఇక చేయడం. న్యూట్లు వసంతంలోనే గుడ్లు పెడతాయి. కాబట్టి ఏడాదికి కొన్ని వారాలే పని. పిండం మీద ఉన్న జిగురు పొరలు ఒలవాలి. సన్నగా సాగదీసిన గాజు సూదితో కొయ్యాలి. పసిపాప వెంట్రుకతో చేసిన చిన్న ఉచ్చుతో ముక్కని ఎత్తి, వేరే పిండంలో చేసిన గుంటలో దించి, గాయం మానేదాకా చిన్న గాజుపలకతో అదిమి పెట్టాలి. యాంటీబయాటిక్స్ లేని రోజులు. పెంకూ పొరా లేని పిండానికి సూక్ష్మక్రిములు పడితే తెల్లారేసరికి కుళ్లిపోయేది. వందలకొద్దీ చేస్తే వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే చివరిదాకా నిలిచాయి. అచ్చయిన వ్యాసంలో వివరంగా రాసింది ఆ కొద్ది పిండాల గురించే. వాటిలో 'యుఎమ్ 132' అని నంబరు వేసినది అన్నిటికన్నా పేరుపొందింది. దాని పక్కటెముకల వైపున రెండో పిండం, అతుక్కుని పుట్టిన కవలలా ఎదిగింది.

దాన్ని పలచగా కోసి చూస్తే ఏం కనిపించింది? రెండో పిండంలో ఎక్కువ భాగం నల్లటి కణాలే. వెన్ను కింద తీగలాగా ఒక తెల్లటి గీత, అక్కడక్కడా మరికొన్ని తెల్లటి కణాలు. అంతే. అంటే పొట్ట చర్మం కావలసిన చోటిచ్చిన పిండపు కణాలే, పక్కన వచ్చి చేరినవాటివల్ల దారి మార్చుకుని మెదడూ వెన్నుపామూ అయ్యాయి. ఒక కణం ఏమవుతుందో పుట్టుకతో రాసిపెట్టి లేదు, పొరుగు ఎవరన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దపు పిండశాస్త్రంలో ఇంతకన్నా పెద్ద ప్రయోగం లేదని చాలామంది అంటారు. నేనూ అంటాను.

1923లో హిల్డేకి డాక్టరేట్ వచ్చింది. ఆ థీసిస్‌ని అచ్చుకి పంపేటప్పుడు స్పీమన్ తన పేరు చేర్చాలన్నాడు. అదీ మొదట. తోటి విద్యార్థుల థీసిస్‌లు వాళ్ల వాళ్ల పేర్లతోనే అచ్చయ్యాయి. హిల్డే బాధపడింది, కోపం తెచ్చుకుంది. ఈ మాట చెప్పింది అదే ల్యాబ్‌లో ఆమెతోపాటు చదివిన విక్టర్ హాంబర్గర్. 1988లో రాసిన పుస్తకంలో స్పీమన్ మీద ఎంతో గౌరవం ఉంచుకుంటూనే ఈ సంగతీ చెప్పాడు.

కోడిపిండం చదివిన వాళ్లకి హాంబర్గర్ పేరు చెప్పనక్కర్లేదు. పిండం ఏ దశలో ఉందో చెప్పడానికి ప్రపంచమంతా వాడే పట్టిక 1951లో హాంబర్గర్, హామిల్టన్ కలిసి తయారుచేసిందే. ఎనభైల చివర్లో నేను చదివిన విశ్వవిద్యాలయంలో ఆ పట్టిక జిరాక్స్ కాపీ ఒకటి ల్యాబ్ గోడకి అంటించి ఉండేది. పద్దెనిమిది గంటలు, ఇరవైనాలుగు, ముప్పైమూడు, నలభైఎనిమిది, డెబ్బైరెండు అని మా ప్రాక్టికల్స్ లిస్టు. గోరువెచ్చటి ఉప్పునీళ్లలో గుడ్డు పగలగొట్టి, పచ్చసొన మీద తెల్లటి చుక్క చుట్టూ కత్తెరతో కోసి, ఫిల్టర్ పేపర్ రింగుతో ఎత్తి వాచ్‌గ్లాసులోకి తీసుకునేవాళ్లం. ముప్పైమూడు గంటలు దాటిన పిండంలో రక్తం ఇంకా ఎర్రబడి పారకముందే గుండె గొట్టం ఒకటి కొట్టుకుంటూ ఉంటుంది. నేను మొదటిసారి చూసినప్పుడు వాచ్‌గ్లాసు పట్టుకున్న చెయ్యే కదులుతోందేమో అనుకుని బల్లమీద పెట్టి మళ్లీ చూశాను.

ఇంక్యుబేటర్లో పొద్దున తొమ్మిదింటికి గుడ్లు పెడితే మర్నాడు సాయంత్రం ఆరింటికి ముప్పైమూడు గంటలు. ఆడపిల్లల హాస్టల్ గేటు ఆరున్నరకి వేసేవాళ్లు. మధ్యాహ్నం నాలుగింటికి పెడితే ముప్పైమూడు గంటలు పడేది ఎల్లుండి తెల్లవారగట్ల ఒంటిగంటకి. మగపిల్లలు టార్చిలైటు పట్టుకుని ఏ వేళనైనా వెళ్లి చూసొచ్చేవాళ్లు. మేం కాగితం మీద వెనక్కి లెక్కలు కట్టుకుని గేటుకి సరిపోయే గుడ్లే పెట్టేవాళ్లం. దశకీ దశకీ మధ్య రాత్రిపూట పిండం ఏం చేస్తుందో మా రికార్డుల్లో లేదు. క్లాసులో ఒకాయన 'ఈ సబ్జెక్టు మీకు ఇంట్లో కూడా పనికొస్తుందిలే' అని నవ్వేవాడు. 'మీ చేతులు సున్నితం, మౌంట్లు మీరే చెయ్యండి' అని డిపార్ట్‌మెంట్ స్లైడ్లన్నీ అమ్మాయిల చేతే చేయించారు. ఆ స్లైడ్ల మీద గంటలు రాసి ఉండేవి, జంతువు పేరు రాసి ఉండేది. చేసినవాళ్ల పేర్లు రాసే అలవాటు లేదు. హాంబర్గర్ రాసిన ఆ నాలుగు వాక్యాలు తర్వాత్తర్వాత చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ చెక్క పెట్టె.

స్పీమన్ పక్షాన చెప్పేవాళ్లు ఉన్నారు. సమస్య ఆయనది, పద్ధతులు ఆయనవి, ఇరవై ఏళ్లుగా దాని మీదే ఉన్నాడు, చనిపోయినవాళ్లకి నోబెల్ ఇవ్వరు. ఇవన్నీ నిజాలే. కానీ మిగతా విద్యార్థుల సమస్యలూ ఆయన ఇచ్చినవే, సూదులు పట్టడం వాళ్లకి నేర్పిందీ ఆయనే. పెద్ద ఫలితం దొరికిన ఒక్క థీసిస్‌కే గురువు పేరు ముందుకొచ్చింది. ఆలోచన తలది, పని చేతిదని విడగొట్టినచోట, చెయ్యి ఎవరిదైతేనేం అనిపించడం తేలిక. కుళ్లిపోయే వందల పిండాల మధ్య ఏది నిలుస్తుందో తెలుసుకోవడం, ఎంత లోతుగా కొయ్యాలో ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడం కూడా ఆలోచనే. సూది పట్టినవాళ్లకి ఆ సంగతి తెలుసు.

డాక్టరేట్ తర్వాత భర్త ఉద్యోగం బెర్లిన్‌లోని కైజర్ విల్‌హెల్మ్ జీవశాస్త్ర సంస్థలో కావడంతో హిల్డే పసివాడిని తీసుకుని అక్కడికి వెళ్లింది. 1924 సెప్టెంబరు 4న చనిపోయింది. వంటింట్లో స్టవ్ ప్రమాదంలో బట్టలంటుకుని ఒళ్లు కాలిపోయింది. ఇరవయ్యారేళ్లు నిండడానికి ఇంకా ఆరు వారాలుంది. మన భాషలో 'స్టవ్ పేలింది' అన్న మాట వినగానే మనం ఒక్కక్షణం ఆగుతాం. ఎన్ని కేసుల్లో ఆ మాట వెనుక ఏముందో మనకి తెలుసు కాబట్టి. హిల్డే విషయంలో అలాంటి అనుమానానికి ఏ ఆధారమూ లేదు, అది ప్రమాదమే. అయినా ప్రయోగశాలలో కాదు, వంటగదిలో జరిగింది. ఓటో ఆ తర్వాత నాజీ పార్టీలో చేరి, స్పీమన్ వారసుడిగా ఫ్రైబుర్గ్‌కి వచ్చి, 1938లో ఆ విశ్వవిద్యాలయానికి రెక్టర్ కూడా అయ్యాడు.

ఇక్కడ ఇంకో పేరు చెప్పాలి. ఈ ప్రయోగానికి పన్నెండేళ్ల ముందు, 1909లో, న్యూయార్క్‌లోని కొలంబియాలో చదువుతున్న ఎథెల్ బ్రౌన్ హైడ్రా నోటి దగ్గరి చిన్న ముక్కని మరో హైడ్రా ఒంటికి అంటుకట్టింది. అక్కడ కొత్త తల, కొత్త ఒళ్లు మొలిచాయి. పచ్చ హైడ్రానీ రంగులేనిదాన్నీ కలిపి వాడి, కొత్త ఒంటిలో చోటిచ్చిన జీవి కణాలే ఉన్నాయని చూపించింది. రంగు తేడా, అంటుకట్టడం, పొరుగు కణాలు దారి మార్చడం, అన్నీ ఉన్నాయందులో. 1991లో హోవర్డ్ లెన్‌హాఫ్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి ఎత్తి చూపి, ఆర్గనైజర్‌ని కనిపెట్టిన కీర్తిలో ఆమెకి వాటా ఉందని వాదించాడు. ఎథెల్ తర్వాత జీవితాంతం సముద్రపు అర్చిన్ల మీద గొప్ప పని చేసింది. ప్రొఫెసర్ పదవి మాత్రం రాలేదు.

హిల్డే పోయిన నాలుగేళ్లకి స్పీమన్ దగ్గరికి మరో విద్యార్థిని వచ్చింది. సలోమే గ్లూక్‌సోన్, డాన్‌జిగ్‌లో 1907లో పుట్టిన యూదు అమ్మాయి. మగ విద్యార్థులకి ప్రయోగాలు దక్కితే ఆమెకి న్యూట్ కాళ్లు ఎలా ఎదుగుతాయో చూసి వర్ణించే చప్పటి పని ఇచ్చారు. ఆడవాళ్ల విషయంలో స్పీమన్ చూపు ఎలా ఉండేదో ఆమె తర్వాత మొహమాటం లేకుండా చెప్పింది. 1932లో డాక్టరేట్. 1933లో హిట్లర్ రాగానే దేశం వదిలింది. 1936 నుంచి కొలంబియాలో ఎల్.సి. డన్ దగ్గర మొదట జీతం లేకుండా పనిచేసింది. 1955లో అల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాల కొత్తగా తెరిచేదాకా అధ్యాపక పదవి దక్కలేదు.

కానీ ఆమె చేసిందేమిటో చూడండి. పొట్టితోక ఎలుకలు ఆమె ముందు ఉన్నాయి. ఆ మార్పుని 1927లో పారిస్‌లో కనిపెట్టింది కూడా ఒక స్త్రీయే, రష్యా నుంచి వచ్చిన నదేజ్దా దొబ్రోవోల్‌స్కయా-జవద్‌స్కయా. ఆ జన్యువు రెండు పాళ్లూ చెడిన ఎలుకపిండం కడుపులోనే చనిపోతుంది, దానికి వెన్ను కింది తీగ ఉండదు. హిల్డే పిండాల్లో తెల్లటి గీతగా కనిపించింది ఆ తీగే. ఎలుక గర్భంలోకి సూది పెట్టలేం, ప్రకృతి చేసిన ప్రయోగంగా ఈ మార్పుని చదవొచ్చు అని సలోమే పట్టుకుంది. జన్యుశాస్త్రం ఒకవైపు, పిండశాస్త్రం ఒకవైపు ముఖం తిప్పుకుని ఉన్న రోజుల్లో రెంటినీ కలిపిన కొద్దిమందిలో ఆమె ఒకరు. ఫ్రైబుర్గ్‌లో తనకి అందనివ్వని ప్రశ్నని వేరే దారిలో అందుకుంది. 1993లో అమెరికా ప్రభుత్వం జాతీయ విజ్ఞాన పతకం ఇచ్చింది.

రీటా లెవీ-మోంటాల్చీని కథ చాలామందికి తెలిసిందే. ముస్సోలినీ జాతి చట్టాలు ఉద్యోగం లాగేసుకుంటే టురిన్‌లో తన పడగ్గదిలోనే ల్యాబ్ పెట్టుకుంది. కుట్టు సూదుల్ని అరగదీసి కోడిపిండాల మీద పనిచేసింది. హాంబర్గర్ వ్యాసం చదివి మొదలుపెట్టిన పని అది. తర్వాత అతని దగ్గరికే సెయింట్ లూయీ వెళ్లింది. 1986లో ఆమెకి, స్టాన్లీ కోహెన్‌కి నోబెల్ వచ్చినప్పుడు హాంబర్గర్‌ని వదిలేశారు. హిల్డే తరఫున సాక్ష్యం చెప్పినవాడే అలా మిగిలిపోవడం అన్యాయమనే అంటాను, ఎవరు ఏమనుకున్నా.

ఇంతకీ ఆ ఆర్గనైజర్ ఏమిటి? ఆ పేరు వినగానే ఎవరో అధికారి నిలబడి పనులు పురమాయిస్తున్నట్టు ఉంటుంది. ఒకరు ఆజ్ఞాపిస్తే చుట్టూ ఉన్న మెత్తటి కణాలు విని నడుచుకుంటాయని క్లాసులో చెప్పేవాళ్లు. 1932లో చంపేసిన ముక్క పెట్టినా పని జరుగుతోందని తేలింది. ఆ తర్వాత సంబంధం లేని ఎన్నెన్నో పదార్థాలు పెట్టినా జరిగింది. అధికారి శవం కూడా ఆజ్ఞలిస్తోందన్నమాట! ఆ రసాయనం కోసం దశాబ్దాలు వెతికి విసిగిపోయారు. 1992లో నాగిన్, 1994లో కార్డిన్ అనే ప్రోటీన్లు దొరికాయి. అవి చేసే పని ఏమిటంటే, చుట్టూ ఉన్న 'బి.ఎమ్.పి.' అనే సంకేతాన్ని పట్టి ఆపడం. ఆ సంకేతం పైపొర కణాల్ని చర్మం కమ్మంటుంది. దాన్ని ఆపితే ఆ కణాలు తమంతట తామే నాడీకణాలవుతాయి. నాడీకణమయ్యే శక్తి వాటిలో ముందే ఉంది. హిల్డే స్లైడ్లలో నల్లటి కణాలు చెప్పింది అదే, కాకపోతే అందరూ తెల్లటి గీతనే చూశారు.

ఏ మాట వాడితే ఏది కనిపిస్తుందో స్త్రీవాదులు పిండశాస్త్రానికి అప్పటికే గుర్తుచేస్తున్నారు. స్వార్త్‌మోర్ కాలేజీలో స్కాట్ గిల్బర్ట్, ఆయన విద్యార్థులు కలిసి 1988లో దీనిమీద వ్యాసం రాశారు. నిద్రపోతున్న అండం, దాన్ని వెతుక్కుంటూ వచ్చే వీరుడు శుక్రకణం అనే కథ పాఠ్యపుస్తకాల్లో ఎలా చేరిందో ఎమిలీ మార్టిన్ 1991లో విప్పి చూపించింది. ఆ గిల్బర్ట్ రాసిన పాఠ్యపుస్తకమే ఇప్పటికీ మన దేశంలో ఎమ్మెస్సీ వాళ్ల బల్లల మీద ఉంటుంది.

మన దేశానికి ఈ పరంపర ఒక స్త్రీ చేతుల మీదుగా కూడా వచ్చింది. పక్షుల్లోనూ ఆర్గనైజర్ ఉందని చూపించిన వాడింగ్టన్ దగ్గర, ఎడిన్‌బరోలో, 1950లలో పనిచేసిన లీలా ముల్హేర్కర్ గారు పూనా విశ్వవిద్యాలయంలో కోడిపిండాల మీద పరిశోధననీ బోధననీ నిలబెట్టారు. మా సిలబస్‌లో ఆవిడ పేరు ఉండేది కాదు.

స్పీమన్ తర్వాత పిండశాస్త్రానికి అంత పెద్ద గుర్తింపుగా నోబెల్ 1995లో వచ్చింది. పండుఈగ పిండాన్ని మలిచే జన్యువుల్ని వెలికితీసినందుకు క్రిస్టియానే న్యూస్‌లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషాస్, ఎడ్వర్డ్ లూయిస్ పంచుకున్నారు. 2024లో హిల్డే వ్యాసానికి నూరేళ్లు నిండాయి. ఇప్పుడు చాలా పుస్తకాల్లో 'స్పీమన్-మాంగోల్డ్ ఆర్గనైజర్' అనే రాస్తున్నారు. న్యూస్‌లైన్-ఫోల్‌హార్డ్ మాత్రం ఇంకో పని చేసింది. 2004లో తన పేరున జర్మనీలో ఒక ఫౌండేషన్ పెట్టింది. పిల్లలున్న యువ మహిళా శాస్త్రవేత్తలకి అది నెలనెలా డబ్బిస్తుంది. ఆ డబ్బు ప్రయోగాలకి కాదు. ఇంటిపనికీ పిల్లల్ని చూసుకోవడానికీ మనిషిని పెట్టుకోవడానికి.